ఇష్టం లేదన్న పిల్ల

“వీధి దండెం మీద వద్దంటి గదా! ఎన్నిసార్లు చెప్పల్ల నీకు? ఆ నిక్కరు తీసకపోయి ఇంటెనక ఆరెయ్‌.”

“ఎనక నీడ కదమ్మా. సాయంత్రానికి ఆరదు.”

“ఆరకుంటే ఏమైతాది? దాన్ని మళ్లీ నువ్వేమన్నా తొడుక్కునేదుందా?”

“సారుకు తిరిగియ్యల్ల. తడిది చేతిలో పెడితే బాగుంటాదా?”

మంచం మీద నుంచి గిడ్డమ్మ అందుకుంది. “ఎండ యాడుంటే ఆడ ఆరెయ్యనీ లేమ్మా. నిక్కరు చూసి ఎవురి కండ్లు పోతాయి?”

“నువ్వూరుకో అత్తా. రేపు పిల్లను అడిగేదానికి వచ్చేటోళ్లు ముందు దండెం చూస్తారు, తర్వాతనే పిల్లను చూస్తారు.”

ఉరుకుందమ్మ కసిరింది గానీ చేతిలోని పని ఆపలేదు. గోతాం సంచిలో జొన్నపిండి, ఎండు మిరపకాయలు, ఒక గిన్నె, అన్నం తినే రెండు తట్టలు సర్దుతోంది. పత్తి ఏరడాలు అయిపోయాయి. గుంటూరు వైపు మిరప కోతలకు వలసపోయే సుగ్గి మొదలైంది. వచ్చే వారం మేస్త్రి లారీ వస్తే ఆమె, మొగుడు మారెన్న ఎక్కాలి. వాళ్లే కాదు, కోసిగి దారిలోని ఆ ఊళ్లో సగం ఇళ్లకు తాళాలు పడతాయి. మళ్లీ ఉగాదికి గానీ తెరుచుకోవు.

గుమ్మంలో కూర్చుని జడ వేసుకుంటున్న యశోద తల ఎత్తింది. “తిరిగిచ్చేదేందే? మీ ఖో-ఖో క్యాంపు వచ్చే వారమే గదా?”

నాగవేణి నిక్కరు నీళ్లు పిండుతూ అటు తిరిగింది. “నేను పోనక్కా. ఇష్టం లేదు.”

ఆ మాట వినగానే యశోద చేతిలో జడ ఆగిపోయింది. మూడు రోజులుగా ఊరంతా తిరిగి ఆమె విన్న మాట అదే.

యశోద ఇంటర్ నుంచీ కర్నూలులో హాస్టల్లో ఉండి, బి.ఏ. రెండో సంవత్సరం చదువుతోంది. పల్లెల్లో ఆడపిల్లలు ఆటలు ఎందుకు మానేస్తున్నారో తెలుసుకోవడం వాళ్ల బృందం తీసుకున్న పరిశోధన. మేడమ్ అడిగితే యశోద తన ఊరి పేరే చెప్పింది. ఖో-ఖోకు పేరున్న బడి వాళ్లది. బడిలో ఉన్నన్నాళ్లు గుంజ నుంచి గుంజకు గాలిలా తిరిగిన పిల్లలు, పదో తరగతి దగ్గరికి వచ్చేసరికి ఒక్కొక్కరే మైదానం నుంచి మాయమవుతారు. దానికి కారణం నిక్కరు, సిగ్గు, పెళ్లి సంబంధాలు అయ్యుంటాయని యశోద ముందే అనుకుని వచ్చింది. కానీ ఏ ఇంటికి పోయినా పిల్ల తల వంచుకుని ఇష్టం లేదనే చెప్పింది. ఆమె కూడా అదే రాసుకుంది.

ఇప్పుడు తన చెల్లెలూ అదే అంటోంది. కిందటి ఏడు జిల్లా పోటీల్లో ఓడిపోయి వచ్చి రెండు పూటలు అన్నం ముట్టని పిల్ల.

యశోద సెల్ తీసుకుని వీధిలోకి వచ్చి, వ్యాయామం సారు శ్రీనివాసులుకు ఫోన్ చేసింది.

“నేనే నీకు చేద్దామనుకుంటాండాను యశోదా,” అన్నాడాయన. “కడపలో క్యాంపు, ఆ వెంటనే రాష్ట్రం పోటీలు. అంతా కలిసి పదిహేను దినాలు. మీ చెల్లెలు పరుగెత్తుతాంటే ఆ పిల్లను ముట్టుకునే పిల్ల జిల్లాలో లేదు. ఈ వయసు వాళ్లలో ఆడేదానికి ఆయమ్మకు ఇదే ఆఖరు. మీ ఇంటికాడికి వచ్చి అడిగితే ఇష్టం లేదు సార్ అనె. మీ నాయన పక్కనే ఉండాడు. నేను ఇంకేమంటాను?”

మధ్యాహ్నం మారెన్న ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుని కూర్చున్నాడు. నాగవేణి తట్టలో రొట్టె, పప్పు పెట్టింది. అతను మొదటి ముద్ద తినేదాకా ఆగి యశోద అడిగేసింది.

“నాయనా, చెల్లెల్ని ఎందుకాపినావు?”

“నేనాపినానా?” మారెన్న నిజంగానే ఆశ్చర్యపోయాడు. “సారొచ్చినప్పుడు నీ ఇష్టం పాపా అన్నె. ఆయమ్మే వద్దనె. అడుగు, నీ ముందరే ఉండాది.”

“నీ ముందర అడిగితే అట్లనే చెప్తాది.”

“ఏమ్మే, కర్నూలికి పోయి నేర్చుకున్నది ఇదేనా?” ఉరుకుందమ్మ లోపలి నుంచి వచ్చింది. “నాయన్ను నిలదీసేదా? ఊర్లో వాళ్ల ఇండ్లన్నీ అయిపోయినాయి, ఇప్పుడు మన ఇల్లు పడిందా నీ పరీక్షకు?”

“పరీక్ష కాదమ్మా. దానికి ఆట ప్రాణం. నీకు తెలీదా? నిక్కరు వేసుకుంటే ఊరోళ్లు ఏమన్నా అంటారని మీరే దాని మనసు ఇరిచేసినారు.”

“నిక్కరు కాదక్కా!”

నాగవేణి అరిచిన తీరుకు మంచం మీది గిడ్డమ్మ కూడా తల తిప్పి చూసింది. ఆ పిల్ల చేతిలో నీళ్ల చెంబు అలాగే ఉంది.

“నిక్కరుకు నేనెప్పుడు భయపడితి? అమ్మ తిడతానే ఉంటాది, నేను వేసుకుంటానే ఉంటా. అవ్వ పడిన ఏడు నువ్వు కర్నూల్లో ఉంటివి. ఆ ఏటి నించి అమ్మోళ్లు సుగ్గికి పోతే ఇంట్లో ఉండేది ఎవరు? అవ్వను లేపి నీళ్లు పోసేది, చీర మార్చేది, దొడ్డికి తీసకపోయేది ఎవరు? అన్నకు వండి పెట్టేది ఎవరు? నేను కడపకు పోతే వీళ్లు సుగ్గికి యట్ల పోతారు? అదంతా సారుకు చెప్తే మన ఇంటి మాట బడిలో పెట్టినట్ల గాదా? అందుకే ఇష్టం లేదంటి. నువ్వు నమ్మితివి. అందరివీ నమ్మి రాసుకుంటివి గదా!”

మూడు రోజులుగా తను కూర్చున్న అరుగులన్నీ యశోద కళ్ల ముందు తిరిగాయి. ప్రతి ఇంట్లో పిల్ల వెనక తల్లి నిలబడి ఉంది, మూలన మూట కట్టి ఉంది. ఎవరి ఇంట్లో ఎవరు ఉండిపోతారని తను ఒక్కరినీ అడగలేదు. అడగాలని తోచలేదు. ఎందుకంటే తను ఉండిపోయిన పిల్ల కాదు. తన బదులు ఇంకొకతె ఉండిపోతే చదువుకోవడానికి వెళ్లిన పిల్ల.

“ఈ తూరి నేనుంటా,” అంది యశోద.

“పరీక్షలు ఆ నెల్లోనే అంటివి గదమ్మా,” అన్నాడు మారెన్న. 

“మళ్లీ రాసుకుంటా.”

“వద్దు,” అంది నాగవేణి, కన్నీళ్లు తుడుచుకుంటూ. “నీ పరీక్ష పోగొట్టి నేను ఆడ పరుగెత్తల్లనా? కాళ్లు కదులుతాయా నాకు?”

“పోనీ, నేను ఆగిపోతాలే,” అంది ఉరుకుందమ్మ. గొంతులో ఇందాకటి కోపం లేదు.

మారెన్న తట్టలో వేలితో గీతలు గీస్తూ అన్నాడు. “కాయ కోసేది ఆడోళ్లు. నువ్వు లేకుంటే నన్నొక్కణ్ణి మేస్త్రి లారీ ఎక్కనిస్తాడా? ఇద్దరం ఆగిపోతే ఎండాకాలం తినేదేంది?”

ఎవరి మీద కోప్పడాలో ఎవరికీ తెలియలేదు. అంతసేపు తండ్రిని దోషిగా నిలబెట్టిన యశోద, అరిగిపోయిన ఆయన గోళ్లను చూస్తూ ఉండిపోయింది.

అప్పుడే హనుమేష్ వచ్చాడు. యశోద తమ్ముడు, ఆమె కంటే రెండేళ్లు చిన్న. ఇంటర్ తప్పాక బస్టాండు దగ్గర పంక్చర్ షాపులో కుదిరాడు. షాపు నుంచి ఇల్లు కేక వేస్తే వినపడేంత దూరం.

“ఏం, అందరూ మొకాలు యాలాడేసుకోని కూచున్నారు? ఒసే నాగీ, రొట్టె పెట్టు. శానా ఆకలైతాంది.”

నాగవేణి ముక్కు తుడుచుకుని లేచింది. తట్ట కడిగింది, రొట్టె పెట్టింది, ఉల్లిగడ్డ పగలగొట్టింది. ఏడుపు ఇంకా ఆగలేదు, చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి. ఇంట్లో ఎవరికీ అది వింతగా కనిపించలేదు. ఇంకో రోజైతే యశోదకూ కనిపించేది కాదు.

“అబ్బీ హనుమేషూ,” అంది యశోద. “సుగ్గి దినాల్లో నువ్వు ఈడనే ఉంటావు గదరా?”

“ఉంటా. షాపు యాడికి పోతాది?”

“మరి అవ్వను నువ్వు చూసుకోగూడదా? ఆ పదిహేను దినాలు?”

ఉరుకుందమ్మ నవ్వేసింది. “వానికేం తెలుసే? వానికే ఒకరు వండి పెట్టల్ల.”

హనుమేష్ నవ్వలేదు. చెల్లెలి ముఖం కేసి, అక్క కేసి చూశాడు. సంగతి మెల్లగా అర్థమైంది. “రొట్టె కొట్టేది నేర్చుకుంటాలే,” అన్నాడు. “మాడినా నేనే తింటా. అవ్వకు అన్నం పెట్టేది గూడా చేస్తా. కానీ... నీళ్లు పోసేది యట్లక్కా?”

అందరూ మంచం వైపు చూశారు. గిడ్డమ్మ కొంగు ముఖం మీదికి లాక్కుంది.

“నా ఒళ్లు నడిమింట్లో పెట్టి పంచాయితీ చేస్తాండారా?” అంది కొంగులోంచి. “మీ తాత పోయినప్పటి నించి మగోని చెయ్యి పడలేదు నా మీద. వాడు మనవడైతే మాత్రం మగోడు కాడా? దానికంటే నన్ను ఎత్తకపోయి బాయిలో ఎయ్యండి.”

“అట్లనొద్దులే అత్తా. ఎవరూ చెయ్యమనలేదు,” అంది ఉరుకుందమ్మ.

సిగ్గు గురించి యశోద కాలేజీలో గంటసేపు మాట్లాడగలదు. తుంటి విరిగి రెండేళ్లుగా నలుగురి చేతుల మీద బతుకుతున్న ముసలిదాని దగ్గర మిగిలిందే ఆ సిగ్గు. అది తప్పని ఏ నోటితో చెప్పాలి? హనుమేష్ తట్ట తనే కడుక్కుని, ఎవరి ముఖమూ చూడకుండా షాపుకు పోయాడు. 

సాయంత్రం నాగవేణి ఆరిన నిక్కరు, బనీను మడిచి బడికి తీసుకుపోయింది. తన బదులు సారు ఇంకా ఎవరి పేరూ రాయలేదని, రేపు పది గంటల దాకా చూస్తానన్నాడని వచ్చి చెప్పింది. గిడ్డమ్మ ఆ పూట ముద్ద ముట్టలేదు.

తెల్లవారింది. యశోద కర్నూలు బస్సుకు సిద్ధమవుతోంది. మారెన్న అరుగు మీద గోతాం మూతి కుడుతున్నాడు. పొయ్యి మీద నీళ్లు కాగాయి. నాగవేణి రోజూ లాగే మంచం దగ్గరికి వచ్చి, అవ్వ చంకల కింద చేతులు పెట్టి లేపబోయింది.

గిడ్డమ్మ మంచం పట్టె గట్టిగా పట్టుకుంది. “నువ్వొద్దు పాపా. హనుమేషును రమ్మను.”

పళ్లు తోముకుంటున్న హనుమేష్ నోట్లో పుల్లతో అలాగే నిలబడిపోయాడు. పొయ్యి దగ్గర నుంచి ఉరుకుందమ్మ లేచి వచ్చింది.

“అందరూ ఈడనే ఉండారు. ఒకసారే చెప్తా,” అంది గిడ్డమ్మ. ఆమె గొంతు పెద్దగా లేదు. “మారెన్నా, మీరిద్దరూ సుగ్గికి పొండి. యశోద పరీక్షలు రాయనీ. ఈ పిల్ల కడపకు పోతాది. తిరిగొచ్చిందాక నన్ను వాడు చూసుకుంటాడు.”

“అవ్వా, వద్దవ్వా,” నాగవేణి ఆమె కాళ్ల దగ్గర కూలబడింది. “నీకు సిగ్గంటివి గదా.”

“సిగ్గే. ఇప్పుడు లేదన్నానా?” గిడ్డమ్మ మనవరాలి తల మీద చెయ్యి వేసింది. “రేత్రంతా చూసుకుంటి, అది యాడికీ పోలేదు. ఉండనీ. వాని పురిటి నీళ్లు నేనే పోస్తి గదా. వాడు నాకు పోస్తాడు.”

ఉరుకుందమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగింది. మారెన్న సూది చేతిలో పట్టుకుని తల వంచుకున్నాడు. యశోదకు సంతోషించాలనిపించలేదు. చెల్లెలి భుజం మీది బరువు దిగింది, దిగి మళ్లీ ఈ ఇంట్లో ఇంకో ఆడమనిషి మీదనే పడింది. అయినా లేచి, కాగిన నీళ్లలో చన్నీళ్లు కలిపి చెంబు బకెట్లో వేసింది.

హనుమేష్ నోరు కడుక్కుని, చేతులు లుంగీకి తుడుచుకుంటూ మంచం దగ్గరికి వచ్చాడు. ఎక్కడ పట్టుకుని లేపాలో తెలియక ఆగిపోయాడు. నాగవేణి వాడి చేతులు తీసుకుని అవ్వ చంకల కింద పెట్టి చూపించింది.

“చీర మీదనే నీళ్లు పొయ్యి,” అంది గిడ్డమ్మ, వాడి మెడ పట్టుకుని లేస్తూ. “సిగ్గైతాందని కండ్లు మాత్రం మూసుకోవద్దురా, నన్ను పడేస్తావు.”