పదిసార్లు నొక్కిన ప్రైమర్

ఆదివారం ఉదయం 7.10కి సుభాష్ శవం చెరువులో వెతకడానికి దిగిన జాలరుల వలలో పైకొచ్చింది.

ఎస్సై లేయా వాచీ చూసి టైం రాసుకుంది. వయసు ముప్పై నాలుగు. ఒంటిమీద షార్ట్స్ మాత్రమే. గాయాలు లేవు. కుడి మణికట్టుకు నాచు చుట్టుకున్న ఎర్రతాడు ఒకటి ఉంది. గుడి తాడనుకుని అలాగే రాసుకుంది.

మామిడి కోతలు అయిపోయి మూడు వారాలైంది. రెడ్డిగూడెం దాటాక ఉన్న ఆ ముప్పై ఎకరాల తోటలో ఇప్పుడు ఖాళీ ట్రేలు, చెట్లు తప్ప ఏమీ లేవు. తోటని ఆనుకునే చెరువు. ఈ నిశ్శబ్దం లేయాకి కొత్తేం కాదు. నూజివీడుకి బదిలీ అయి నాలుగు నెలలు. ఒక గది, ఒక కుక్కర్. స్టేషన్ పని మీద తప్ప ఆమె ఫోన్ మోగిన పాపాన పోలేదు.

ఒడ్డున మామిడిచెట్టుకి కట్టేసి ఉంది జెట్ స్కీ. నిలబడి తోలే రకం. తోటకి టూరిస్టుల్ని రప్పించాలని సుభాష్ విశాఖలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. పక్కనే రేకుల షెడ్డు. అందులో మేకుకి లైఫ్ జాకెట్, దానిమీద సుభాష్ చొక్కా. చొక్కా జేబులో ఫోన్.

ఫోన్‌లో మూడు మిస్డ్ కాల్స్. శనివారం సాయంత్రం 5.41, 5.43, 5.46. మూడూ తోట వాచ్‌మన్ పెద్దిరాజువే.

"ఆ మెకానిక్‌ని లోపలెయ్యండి మేడమ్!" అన్నాడు రామచంద్రరావు. తోట ఆయనదే. సుభాష్ ఆయన అన్న కొడుకు. "వాడు పెట్టిన ప్రైమర్ పాడై బండి నడిచెరువులో ఆగిపోయింది. మావాడు ఈదలేక మునిగిపోయాడు. ఇందులో తేల్చడానికేముంది?"

తొమ్మిదింటికి మెకానిక్ ఉదయ్ వచ్చాడు. హనుమాన్ జంక్షన్‌లో చిన్న రేకుల షాపు అతనిది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. నిర్లక్ష్యం వల్ల మరణం అని కేసు పడితే ఆ షాపు ఇక తెరుచుకోదు.

"ప్రైమర్ ఎందుకు పెట్టావు?"

"బండి పొద్దున్నే ఓ పట్టాన స్టార్టవదు మేడమ్. ఈ నాబ్ లాగి నొక్కితే పెట్రోల్ నేరుగా ఇంజన్లోకి చిమ్ముతుంది."

"నిన్న ఎందుకొచ్చావు?"

"ప్రైమర్ ట్యూబు గాలి పీలుస్తోందని సుభాష్ గారు ఫోన్ చేశారు. మూడింటికొచ్చి జాయింటు మార్చాను. నాలుగుంబావుకి వెళ్ళిపోయా."

"గాలి పీలిస్తే?"

"నడుస్తూ నడుస్తూ ఆగిపోద్ది మేడమ్."

"విన్నారా?" అన్నాడు రామచంద్రరావు.

"విన్నాను. ఉదయ్, స్టార్ట్ చేసి చూపించు."

అతను జేబులోంచి చిన్న క్లిప్ తీసి స్టార్ట్ బటన్ దగ్గర పెట్టాడు. అదేంటని అడిగింది లేయా. అతను చెప్పాడు. ఆమె వెళ్ళి శవం చేతికున్న ఎర్రతాడు విప్పించి కవరులో వేయించుకుంది.

బటన్ నొక్కితే ఇంజన్ మూలిగింది తప్ప అంటుకోలేదు. ఉదయ్ ప్లగ్గులు విప్పి మళ్ళీ నొక్కాడు. రంధ్రాల్లోంచి పెట్రోల్ ఫౌంటెన్‌లా ఎగిరింది.

"ఇదేంటి! మూడుసార్లు నొక్కితే చాలు. ఎవరో పదిసార్లైనా నొక్కుంటారు మేడమ్. సుభాష్ గారు కాదు. ఆయనకి నేనే నేర్పాను. అయినా వేడి ఇంజన్‌కి ప్రైమర్ అక్కర్లేదు."

ప్లగ్గులు తుడిచి బిగించాడు. మూడు నొక్కులు. ఇంజన్ గర్జించింది. ట్యూబులో ఒక్క బుడగ లేదు. పది నిమిషాలు నడిచింది. ఆగలేదు.

లేయా పెద్దిరాజు వైపు తిరిగింది. అరవై ఏళ్ళ మనిషి. పొద్దుట్నుంచీ ఒక్కసారి కూడా చెరువు వైపు చూడలేదు.

"నిన్న సాయంత్రం ఎక్కడున్నావు బాబాయ్?"

"రెడ్డిగూడెంలోనమ్మా. సరుకులకెళ్ళాను."

"మూడుసార్లు ఫోనెందుకు చేశావు?"

"చిన్నబాబుకి ఏవన్నా తేవాలేమోనని."

"సరే. ఆ గడ్డి కోసే మిషన్ స్టార్ట్ చెయ్యి."

పెద్దిరాజు బిత్తరపోయాడు. గొంతుక్కూర్చుని మిషన్ కింద రబ్బరు బుడ్డిని నొక్కసాగాడు. లేయా లెక్కపెట్టింది. సరిగ్గా పది. తాడు లాగితే మిషన్ అంటుకుంది.

"ఆపెయ్ బాబాయ్."

తోట మళ్ళీ నిశ్శబ్దమైంది.

"ఈ బుడ్డిని వందసార్లు నొక్కినా ఎక్కువైన పెట్రోల్ తిరిగి ట్యాంకులోకే పోతుంది," అంది లేయా. "అందుకే తోటల్లో అందరికీ పది నొక్కడం అలవాటు. జెట్ స్కీ ప్రైమర్ అలా కాదు. నొక్కినంతా ఇంజన్లోనే పడుతుంది. నిన్న ఆ నాబ్ నొక్కింది ఉదయ్ కాదు, సుభాష్ కాదు. తోట మనిషి. బండిని చెట్టుకి కట్టిందీ ఆ మనిషే."

రామచంద్రరావు లేచాడు. "ఒరే పెద్దిరాజూ! బండి ముట్టుకోవద్దని చెప్పానా లేదా?"

"కూర్చోండి రావుగారూ."

పెద్దిరాజు నేలమీద కూలబడ్డాడు.

"చిన్నబాబు నీళ్ళలో పడిపోయాడమ్మా. చెయ్యెత్తి పిలిచాడు. నాకు ఈత రాదు. బండి గాలికి ఇటే కొట్టుకొచ్చింది. దానిమీద వెళ్దామని నొక్కాను, నొక్కాను... నా చేతకానితనంతో చంపేశానమ్మా ఆ బిడ్డని."

ఇతన్ని పట్టుకున్నందుకు లేయాకి సంతోషం కలగలేదు. జాలేసింది. కవరులోంచి ఎర్రతాడు తీసింది. నాచు కడిగేశాక దాని చివర ఉదయ్ క్లిప్పు లాంటిదే ఇంకో క్లిప్ కనిపించింది.

"ఇది గుడి తాడు కాదు. నేనూ పొరబడ్డాను. దీని చివర ఉన్నదే బండి తాళం. తోలేవాడు పడిపోతే ఊడొచ్చి ఇంజన్ ఆగిపోతుంది. అందుకే ఆగింది, ప్రైమర్ వల్ల కాదు. ఈ తాళం చెరువులో సుభాష్ చేతికే ఉండిపోయింది. నువ్వు మూడు నొక్కినా, పది నొక్కినా ఆ బండి స్టార్టయ్యేది కాదు బాబాయ్."

ఉదయ్ కళ్ళు తుడుచుకున్నాడు. రామచంద్రరావు షెడ్డులో వేలాడుతున్న లైఫ్ జాకెట్ వైపు చూసి తల దించుకున్నాడు.

"అయితే నా వల్ల కాదా అమ్మా?"

"కాదు. ఒక్కటే అర్థం కాలేదు. నీళ్ళలో ఉన్న మనిషికే ఫోన్ చేశావేంటి?"

"కేకలేశానమ్మా. ఎవరూ పలకలా. కోతలైపోయాక ఇక్కడెవరుంటారు? నా ఫోన్లో ఉన్నది ఆయన నంబరొక్కటే. అది ఈ చొక్కాలోనే మోగింది. నాకు వినపడతానే ఉంది."

112కి చెయ్యొచ్చుగా అన్న మాట లేయా నోటిదాకా వచ్చింది. అనలేకపోయింది. అతని పక్కనే నేలమీద కూర్చుని ఆ పాత కీప్యాడ్ ఫోన్ అడిగి తీసుకుంది. తన నంబరు ఎక్కించింది.

"ఈ రెండు అంకెని నొక్కి పట్టుకో. నాకే వస్తుంది. పని లేకపోయినా చెయ్యొచ్చు."

పెద్దిరాజు ఫోన్ని రెండు చేతులతో అందుకున్నాడు.

"ఒక్కసారి నొక్కితే చాలా అమ్మా?"

"చాలు బాబాయ్," అంది లేయా.