బరువు తక్కువది

శనివారం పొద్దున. పొయ్యి మీద గుడ్లు ఉడుకుతున్నాయి. ఏసీ మాస్టారు బల్ల దగ్గర కూర్చుని ఫోన్‌లో లాప్‌టాప్‌ల వీడియోలు చూస్తున్నాడు. వీధిలో అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. ఆఫీసుల్లో, షాపుల్లో ఏసీలు బిగించడం, బాగుచేయడం ఆయన పని. ఆ పని పదిమందికి నేర్పాడు కాబట్టి మాస్టారయ్యాడు. ఈమధ్య ఆయన ధ్యాసంతా లాప్‌టాప్‌ల మీదే. ఏది ఎంత వేడెక్కుతుంది, ఏ ఫ్యాను ఎంత రొద చేస్తుంది, కాసేపు గేమ్ ఆడాక దేని వేగం పడిపోతుంది, అన్నీ వంటబట్టించుకున్నాడు.

కూతురు తడి జుట్టు తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా కూర్చుంది. కాలేజీలో పిలిచే పేరు వేరే ఉంది గానీ, పుట్టినప్పటి నుంచీ ఇంట్లో ఆమె పిట్టే. ఆ పిట్ట ఇప్పుడు తండ్రి భుజం దాటి ఎదిగింది. కంప్యూటర్ గేములు తయారుచేయడం నేర్పే కోర్సులో చేరింది. మొన్న క్లాసు మధ్యలో పాత లాప్‌టాప్ ఆగిపోయింది. గేములు తయారుచేసే పిల్లకి గేములు ఆడించగలిగే మెషిన్ కావాలి కదా. ఇవాళ దాన్ని కొనాలి.

"నాన్నా, గుడ్లు."

"ఆఁ?"

"నీళ్ళు ఇగిరిపోయాయి. మాడు వాసనొస్తోంది."

ఆయన గబగబా లేచి పొయ్యి కట్టేశాడు. "చూశావా, నేను చెప్పేది ఇదే. వేడి బయటికి పోయే దారి లేకపోతే ఏదైనా మాడిపోవాల్సిందే. నువ్వు చూపించిన ఆ సన్నటిది అట్టముక్కలా ఉంది. దాంట్లో ఫ్యానెక్కడ పెట్టారు? గాలెక్కడి నుంచి పీల్చుకుంటుంది?"

"ఎక్కడో పెట్టే ఉంటార్లే. వాళ్ళూ చదువుకునే చేశారుగా."

"సన్నంగా ఉంటే అమ్ముడుపోతుందని చేశారు."

పిట్ట నవ్వింది. గుడ్డు పెంకు తీస్తూ, "అమ్మ పని నుంచి నేరుగా షాపుకి వస్తానంది. అట్నుంచి నేను అమ్మతో వెళ్ళిపోతా" అంది.

"సరే" అన్నాడు ఆయన. ఇంకేదో అనబోయి, ఉప్పు డబ్బా ఆమె వైపు జరిపాడు.

భార్యా ఆయనా విడిగా ఉండబట్టి కొన్నేళ్ళయింది. చెప్పుకునేంత పెద్ద గొడవేమీ జరగలేదు. చిన్నచిన్నవే, కానీ రోజూ. ఒకరి మాట ఇంకొకరికి ముల్లులా గుచ్చుకోవడం మొదలైంది. చివరికి ఇద్దరూ అలిసిపోయారు. పిట్ట విషయంలో మాత్రం ఎవరికీ అన్యాయం జరగకూడదని వారాన్ని సమానంగా పంచుకున్నారు. సగం వారం అక్కడ, సగం వారం ఇక్కడ. కోర్టులకెక్కి పిల్లల్ని లాక్కునేవాళ్ళను చూసినప్పుడల్లా, తామిద్దరూ ఎంత పద్ధతిగా విడిపోయారో అని ఆయనకు లోలోపల కాస్త గర్వంగా కూడా ఉండేది.

స్కూటర్ మీద వెళ్తున్నంతసేపూ ఆయనకు మొదటి కంప్యూటర్ గుర్తొచ్చింది. పిట్ట అప్పుడే నడక నేర్చింది. ఎవరో వాడి వదిలేసిన కంప్యూటర్‌ను బాగుచేయించి ఇంటికి తెచ్చారు. దాని తెర ఇనప్పెట్టెంత ఉండేది. దాన్ని ఆయనొక వైపు, భార్య ఒక వైపు పట్టుకుని మెట్లెక్కించారు. ఆమె వెనక్కి వెనక్కి నడుస్తూ, "ఆగండి, ఆగండి, చేతులు జారుతున్నాయి" అని నవ్వింది. ఆ నవ్వుకి ఇద్దరికీ పట్టు తప్పింది. సగం మెట్ల దగ్గర దాన్ని మధ్యలో పెట్టుకుని కూర్చున్నారు. కిందింటావిడ వచ్చి, "ఏమైందమ్మా, ఎవరైనా పడ్డారా?" అని అడిగేదాకా నవ్వుతూనే ఉన్నారు.

దాంట్లో ఒక కారు గేమ్ ఉండేది. ఇంట్లో ఉన్నది ఒకటే కుర్చీ. ఆయన ఒడిలో పిట్ట, పక్కన కుర్చీ చేతి మీద ఒరిగి భార్య. కారు తిప్పడం ఆమె వంతు, బ్రేకులు ఆయన వంతు, హారన్ పిట్ట వంతు. ఆమె కుడికి తిప్పితే ఆయన బ్రేకేసేవాడు, పిట్ట మాత్రం ఆపకుండా హారన్ కొడుతూనే ఉండేది. ఒక్క రేసూ గెలవలేదు. వానాకాలంలో పిట్ట మేజోళ్ళు ఆ కంప్యూటర్ పెట్టె మీదే ఆరేవి. ఆ వేడి ఇల్లంతా పరుచుకున్నట్టుండేది. ఇప్పుడు అదే వేడిని ఆయన లోపంగా లెక్కపెడుతున్నాడు.

షాపులో భార్య ముందే వచ్చి నిలబడి ఉంది. కళ్ళజోళ్ళ షాపులో పని ఆమెది. మెడలో వేలాడే గుర్తింపు కార్డు తీయడం మరిచిపోయింది.

"వచ్చారా?"

"ఆఁ. నువ్వొచ్చి ఎంతసేపయింది?"

"ఇప్పుడే."

ఇద్దరి పలకరింపూ అక్కడితో సరి. సేల్స్ అమ్మాయి రెండు మెషిన్లు తెచ్చి పక్కపక్కనే పెట్టింది. ఒకటి మాస్టారు ఎంచుకున్నది. మందంగా, వెనకవైపు పెద్ద జాలీలతో దిట్టంగా ఉంది. రెండోది పిట్ట చూపించినది. మూసి నిలబెడితే చిటికెన వేలంత మందం.

"రెండిట్లోనూ ఒకే గేమ్ పెట్టమ్మా. కాసేపు ఆడనీ" అన్నాడు ఆయన.

గేమ్ నడుస్తుంటే ఆయన మీటల మీద, కింద, అంచుల్లో అరచెయ్యి పెట్టి చూశాడు. రోగి నాడి చూస్తున్నట్టు కళ్ళు మూసుకుని ఫ్యాను చప్పుడు విన్నాడు. భార్య మాత్రం తెర ముందు నిలబడి, కళ్ళజోడు తీసి ఒకసారి, పెట్టుకుని ఒకసారి చూసింది. ఎడమ పక్కకెళ్ళి చూసింది, కుడి పక్కకెళ్ళి చూసింది.

"ఈ సన్నదాని తెర బావుంది" అంది. "అక్షరాల అంచులు చెదరట్లేదు. పైన దీపాల వెలుగు పడినా మెరవట్లేదు. పొద్దస్తమానం చూడాల్సిన కళ్ళు కదా."

"తెర బావుంటే సరిపోతుందా? ఇక్కడ చెయ్యి పెట్టి చూడు. చుర్రుమంటోంది. ఫ్యాను పిండిమరలా అరుస్తోంది. ఇందాక ఉన్న వేగం ఇప్పుడు లేదు. దీన్నెప్పుడో నేను విప్పుకుని కూర్చోవాలి."

"అన్నీ విప్పి చూడాల్సిందేనా మీకు?"

"పైకి కనబడేది చూసి మురిసిపోవడం నాకు చేతకాదు."

"లోపల ఏముందో మీకెప్పుడు తెలిసింది గనక?" అంది ఆమె మెల్లగా.

ఆ మాట లాప్‌టాప్ గురించి కాదని ముగ్గురికీ తెలుసు. సేల్స్ అమ్మాయికి కూడా తెలిసినట్టుంది. పక్క కౌంటర్లో ఏదో పనున్నట్టు జారుకుంది.

"ఇప్పుడవన్నీ ఎందుకు? పిల్ల చదువు సంగతి మాట్లాడుకుందాం."

"నేనూ అదే మాట్లాడుతున్నా. మీరొక్కరే మాట్లాడుతున్నట్టు చెప్పకండి."

"నీతో ఏం మాట్లాడినా..."

"నాన్నా" అంది పిట్ట. గొంతు పెంచలేదు. "నాకు బరువు తక్కువది కావాలి. వేడెక్కితే ఎక్కనీ. తెర ఎలా ఉన్నా సరే. తేలిగ్గా ఉండాలి, అంతే."

ఆయనకు చిరాకేసింది. "ఏం మాట్లాడుతున్నావమ్మా? రెండిటికీ తేడా ఎంతని? ఒక నీళ్ళ సీసా బరువుండదు. ఆ కాస్త కోసం మంచి మెషిన్ వదులుకుంటామా? ఈ వయసులో ఆమాత్రం మోయలేవా?"

పిట్ట వీపు మీది బ్యాగు తీసి కౌంటర్ మీద పెట్టింది. "ఎత్తి చూడు."

"ఏంటి?"

"ఒకసారి ఎత్తు నాన్నా."

ఆయన ఒంటిచేత్తో పట్టుకున్నాడు. లేవలేదు. రెండో చెయ్యి కూడా వేయాల్సి వచ్చింది. పనికి తీసుకెళ్ళే ఆయన పనిముట్ల సంచీ కూడా ఇంత బరువుండదు. ఇన్నేళ్ళుగా కూతుర్ని స్కూటర్ ఎక్కించుకుంటున్నాడు, దింపుతున్నాడు. ఆ బ్యాగు ఎప్పుడూ ఆమె వీపు మీదే ఉంటోంది. ఎత్తి చూసింది మాత్రం లేదు.

"ఏముంది తల్లీ ఇందులో?"

పిట్ట జిప్పు లాగి, లోపలివి ఒక్కొక్కటే కౌంటర్ మీద పెట్టింది. పుస్తకాలు, బొమ్మలు గీసుకునే పలక, పాత లాప్‌టాప్, వైర్లు. వాటి కింద బట్టలు, తువ్వాలు, చెప్పుల జత, దువ్వెన, సబ్బు పెట్టె. తల్లి ఆ సబ్బు పెట్టెను చేతిలోకి తీసుకుంది.

"ఇదెందుకే? మనింట్లో సబ్బు లేదా?"

"ఉంది. అది నీ సబ్బమ్మా. నాన్న దగ్గరుంది నాన్న సబ్బు. నావన్నీ ఇందులోనే ఉంటాయి."

"రెండిళ్ళలోనూ నీకు అలమర ఉందిగా" అన్నాడు ఆయన.

"ఉంది. సర్దుకునేసరికి మళ్ళీ బయల్దేరాలి. అందుకే సర్దడం మానేశాను. కావాల్సిన పుస్తకం ఎప్పుడూ ఇంకో ఇంట్లో ఉంటుంది. అందుకే అన్నీ మోస్తాను." తల్లి చేతిలోంచి సబ్బు పెట్టె తీసుకుంది. "మీరిద్దరూ నన్ను బాగా చూసుకుంటారు. కాదనట్లేదు. ఏం వండమంటావు అని అడుగుతారు, మంచి దుప్పటి తీసిస్తారు. చుట్టాలొస్తే చేస్తాం చూడండి, అలా. రెండు చోట్లా నేను చుట్టాన్నే నాన్నా."

అక్కడ ఇంక నిలబడలేక బయటికెళ్ళి షాపు మెట్ల మీద కూర్చుంది.

మాస్టారు కౌంటర్ మీదికి చూశాడు. కోర్టుకెక్కకుండా పద్ధతిగా విడిపోయామనుకున్న గర్వమంతా ఆ కౌంటర్ మీద, మడతలు చెదిరిన బట్టల మధ్య పడి ఉంది. సమానంగా పంచుకున్నామనుకున్నాడు. పంచుకున్నది పిల్లనేనన్న సంగతి ఇప్పటిదాకా తట్టలేదు.

భార్య కళ్ళజోడు తీసి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఎంతమంది కళ్ళకి అద్దాలిచ్చానో" అంది. "ఇంట్లో తిరిగే పిల్ల కనబడలేదు."

"నీ ఒక్కదాని తప్పేం కాదు."

"చిన్నప్పుడు ఇల్లంతా దాని సామానే కదండీ. కాలు పెడితే ఏదో ఒకటి గుచ్చుకునేది. నేను అరిచేదాన్ని."

"అరిచేదానివి. కంప్యూటర్ పెట్టె మీద తడి మేజోళ్ళు ఆరేసింది కూడా నువ్వే. షాక్ కొడుతుందని నేను అరిచేవాణ్ణి."

ఏడుస్తున్న మనిషి చిన్నగా నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో ఆయనకు గుర్తులేదు. ఆయన బట్టలు ఒక్కొక్కటే మడతపెట్టాడు, ఆమె అందుకుని బ్యాగులో పెట్టింది.

"నీ ఇల్లు కాలేజీకి దగ్గర" అన్నాడు చివరికి. "దాన్ని అక్కడే ఉండనీ. నేనే వచ్చి చూసిపోతుంటా."

ఆమె తలెత్తింది. "మరి మీరు? ఒక్కరే ఎలా ఉంటారు?"

"ఉంటాను. అది వెళ్ళిన రోజుల్లో ఉంటున్నాగా."

ఆ మాట తేలిగ్గానే అనబోయి, మడతపెట్టిన తువ్వాలునే మళ్ళీ విప్పి మడతపెట్టాడు. ఆమె గమనించింది. గమనించినట్టు కనబడకుండా జిప్పు వేసింది. "వస్తే పైకి రండి. కింద హారన్ కొట్టి వెళ్ళిపోకండి" అంది.

సన్నటి లాప్‌టాప్‌నే కొన్నారు. బిల్లు కడుతున్నప్పుడు మాస్టారు ఉండబట్టలేక, "ఫ్యానులో దుమ్ము చేరితే ఎలా తీయాలమ్మా?" అని సేల్స్ అమ్మాయిని అడిగి, ఆమె చెప్పింది శ్రద్ధగా విన్నాడు.

మెట్ల దగ్గర పిట్టకి సంగతి చెప్పారు. ఆమె ముందు నమ్మలేదు. తర్వాత తండ్రి మొహం చూసి, "నీ మీద కోపంతో అన్నాననుకున్నావా?" అంది.

"లేదమ్మా."

"నీ దగ్గరికి రావాలనిపించినప్పుడు వస్తాను నాన్నా. వంతు వచ్చిందని రావడం వేరు, రావాలనిపించి రావడం వేరు."

ఆయన తలూపాడు. కూతురి తల మీద చెయ్యి వేసి, స్కూటర్ దగ్గరికి ఒక్కడే నడిచాడు.

మరుసటి వారం ఒక సాయంత్రం ఆయన ఆ ఇంటి మెట్లెక్కాడు. మూడో అంతస్తు చేరేసరికి ఆయాసం వచ్చింది. తలుపు తీసిన భార్య నీళ్ళందించి, "వెళ్ళి చూడండి మీ కూతురి ఘనకార్యం. ఇల్లు ఇల్లులా ఉందా?" అంది.

నిజంగానే లేదు. నేలమీద పుస్తకాలు గుట్టలుగా పడున్నాయి. గోడ నిండా పెన్సిలుతో గీసిన కార్లు, కొండలు, కాళ్ళు పొడుగ్గా ఉన్న ఏవో జంతువులు అంటించి ఉన్నాయి. కుర్చీ మీద తడి తువ్వాలు. ఒక చెప్పు గుమ్మం దగ్గర, రెండోది మంచం కింద. మధ్యలో పిట్ట బాసింపట్టు వేసుకుని కొత్త లాప్‌టాప్ ఒడిలో పెట్టుకుని ఉంది.

"రా నాన్నా. నేను చేస్తున్న గేమ్ చూద్దువుగాని. ఇంకా సగమే అయింది."

ఆయన పుస్తకాల గుట్ట జరిపి పక్కన కూర్చున్నాడు. అలవాటు కొద్దీ లాప్‌టాప్ అంచు మీద చెయ్యి పెట్టాడు. కాలుతోంది.

"కింద రెండు సీసా మూతలు పెట్టుకో. గాలాడుతుంది" అన్నాడంతే.

"ఎప్పుడు సర్దుతావే ఇదంతా?" తల్లి వంటింట్లోంచి అడిగింది.

"రేపమ్మా."

"నిన్నా ఇదే చెప్పావు." ఆమె టీ కప్పుతో వచ్చి గది మధ్యలో నిలబడింది. బల్ల మీద చూసింది, కిటికీ గట్టు మీద చూసింది, మంచం మీద చూసింది. "కప్పు పెట్టడానికి కూడా చోటు లేదండీ. దీనికి మీరైనా చెప్పండి."

మాస్టారు కప్పు చేత్తోనే అందుకున్నాడు. గదిని ఒకసారి కళ్ళారా చూసుకున్నాడు.

"ఇలాగే ఉండనీ" అన్నాడు.