ఎనిమిదో అంతస్తులో ఆగే లిఫ్టు

చేతిలో ముప్పై రెండు వేలతో సొంత పని మొదలుపెట్టినవాడికి దెయ్యమంటే భయపడే స్తోమత ఉండదు. అందుకే, మెకానిక్‌లెవరూ ముట్టుకోని ఆ లిఫ్టు పని అతను ఒప్పుకున్నాడు.

ఆ లిఫ్టుకి చెడ్డపేరు ఈనాటిది కాదు.

పగలంతా బుద్ధిగానే ఉంటుంది. ఎనిమిది అంతస్తులూ, ఆపైన డాబా — ఏ మీట నొక్కితే అక్కడికే వెళ్తుంది. రాత్రి జనం సద్దుమణిగాక డాబా మీట నొక్కితే మాత్రం... ఎనిమిదో అంతస్తులో ఆగిపోతుంది. ఎవరూ పిలవకుండానే. తలుపు దానంతటదే తెరుచుకుంటుంది. అవతల కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. ఆ చీకట్లోంచి ఒక గొంతు అడుగుతుందట —

"ఎక్కడికి?"

జవాబు చెప్పేదాకా నిలబడ్డవాళ్లు తక్కువ. ఒక మెకానిక్ అయితే మెట్ల మీదుగా చెప్పుల్లేకుండా దిగి, అలాగే ఇంటికి పోయాడని చెప్పుకుంటారు.

కొన్నేళ్ల కిందట ఆ బిల్డింగులోనే ఉండే ఒక కుర్రాడు రాత్రిపూట డాబా మీదికి వెళ్లాడు. ప్రాణాలతో దిగి రాలేదు. ఆ తర్వాత నుంచే ఇదంతా.

"పగలు చూస్తే దాని రోగం కనబడదు. రాత్రే రా," అన్నాడు బిల్డింగు సెక్రటరీ. "బాగుచేశావా, మూడు బ్లాకుల లిఫ్టులూ నీకే. పారిపోయావా, ఈ వీధిలో మళ్లీ నీ మొహం కనబడకూడదు."

మూడు బ్లాకులు, బ్లాకుకి రెండు లిఫ్టులు, ఏడాది పొడుగునా పని. సెక్రటరీ నోరు మూసేలోగా గుణకారం అయిపోయింది. లెక్కల్లో దిట్ట అతను.

ఒక్క లెక్క మాత్రం తప్పాడు.

పోయినేడు అతనికి బతకాలన్న కోరికే పోయింది. కారణం అడిగితే చెప్పడానికి ఏమీ లేదు. తలలో ఒక గొంతు, పగలనకా రాత్రనకా, నువ్వు లేకపోతే అందరికీ హాయి అని నూరిపోసేది. చివరికి అక్కే జబ్బ పట్టుకుని డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది. మందులు, వారం వారం కూర్చుని మాట్లాడటం... మెల్లగా ఆ గొంతు సన్నబడింది. అణిగింది. ఆకలి తెలిసింది, నిద్ర పట్టింది, సొంత పని పెట్టాలన్న ఉబలాటం పుట్టింది. బాగైపోయాను కదా, ఇంకా మాత్రలెందుకని మూడు వారాల కిందట మానేశాడు. డాక్టర్ని అడగలేదు. అక్కకి చెప్పలేదు.

అదీ తప్పిన లెక్క.

ఆ రాత్రి అతను వెళ్లేసరికి వాచ్‌మన్ దుప్పటి మెడదాకా లాక్కుని కూర్చున్నాడు.

"పైకి నాతో రావా?"

"నేను రాను బాబూ. పిల్లలున్నవాణ్ణి."

"నాకు లేరని నన్ను పంపుతున్నావా?"

"అది కాదు. నువ్వు బక్కగా ఉన్నావు. దెయ్యానికి పెద్దగా గిట్టుబాటు కాదు."

అతను నవ్వి సంచీ స్టూలు పక్కన దించాడు. అంతలో ఫోను మోగింది. అక్క.

"తిన్నావా?"

"తిన్నా."

"మాత్ర వేసుకున్నావా?"

"...వేసుకున్నాలే అక్కా."

"దెయ్యం ఉన్న లిఫ్టట కదా. జాగ్రత్త."

"నాకేం కాదులే."

"నీకు కాదురా, దానికి చెప్తున్నా. నీ లెక్కలు వింటే అదే ఖాళీ చేసి పోతుంది."

ఫోను జేబులో వేసుకుని లిఫ్టెక్కాడు. యంత్రాల గది డాబా మీద ఉంది. అక్కడికి వెళ్లి చూడాలి. పని అదే కదా... డాబా మీట నొక్కాడు.

తలుపు మూసుకుంది.

రెండో అంతస్తు. మూడు. ఇనుప తాళ్లు ఎక్కడో పైన సన్నగా మూలుగుతున్నాయి. లోపల గాలి లేదు.

నాలుగో అంతస్తు దాటుతుంటే ఎవరో మాట్లాడారు.

"వేసుకున్నానని చెప్పావేం?"

అతను తల తిప్పాడు. లిఫ్టులో ఎవరూ లేరు. ఆ గొంతు దెయ్యానిది కాదు... దెయ్యమైతే బాగుండును. అది అతనికి తెలిసిన గొంతే. సన్నబడిందనుకున్నది, అణిగిందనుకున్నది.

"అబద్ధాలకోరు. మీ అక్క కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్లయింది? ఎవరి పుణ్యం?"

ఐదు.

"కాంట్రాక్టట. నీ మొహానికి కాంట్రాక్టు. నాలుగు రోజుల్లో చేతులెత్తేస్తావు. అప్పుడు మళ్లీ ఆవిడే రావాలి, మళ్లీ ఆవిడే ఏడవాలి."

ఆరు. అతను గోడకి వీపు ఆనించాడు. ఇనుము చల్లగా ఉంది. ఎదురు చెప్పాలనిపించలేదు. చెప్పడానికి ఓపికా లేదు. అసలు ఎన్ని రోజుల్నుంచి ఈ నీరసం? వారమా? పది రోజులా?

ఏడు.

"పదా," అంది గొంతు. ఈసారి మెత్తగా. "పనికేగా వెళ్తున్నాం. పైన చల్లగా ఉంటుంది. ఇంక ఎవరికీ ఏ బాధా ఉండదు..."

పనికే, అనుకున్నాడు అతను. అవును, పనికే.

లిఫ్టు ఆగింది.

డాబా కాదు. ఎనిమిది.

తలుపు తెరుచుకుంది. చీకటి. తలుపు మూసుకోబోయి — టక్ — దేనికో తగిలి మళ్లీ తెరుచుకుంది. మళ్లీ మూసుకోబోయింది. టక్. గుమ్మానికి అడ్డంగా ఏదో ఉంది. ఒక కర్ర... ఆ కర్ర వెనక, తెల్లగా...

"ఎక్కడికి?"

"పైకి... యంత్రాల గదికి."

"ఎవడివి?"

"మెకానిక్‌ని."

చీకట్లో కాసేపు ఊపిరి చప్పుడు. టక్... టక్...

"మెకానిక్‌వైతే, సంచీ ఏది?"

అతను కిందికి చూశాడు. రెండు చేతులూ ఖాళీ.

సంచీ వాచ్‌మన్ స్టూలు పక్కనే ఉండిపోయింది. లిఫ్టు పనికి వెళ్లేవాడు ముందు కింద తలుపుకి "పని జరుగుతోంది" అన్న బోర్డు తగిలిస్తాడు, వేరేవాళ్లు ఎక్కకుండా. అన్నం తినడం మరిచిపోయినా అది మరిచిపోడు. ఆ బోర్డూ సంచీలోనే ఉంది. ఒక్క స్పానర్ కూడా లేకుండా, అర్ధరాత్రి, అతను డాబా మీదికి పనికి వెళ్తున్నాడు.

పనికి...?

అప్పుడు భయమేసింది. ఎదురుగా ఉన్నదాన్ని చూసి కాదు.

"దిగు," అంది ఆ గొంతు.

అతను కదల్లేదు.

"దిగమన్నది నిన్నే కాదూ? చెవుడా? ఈ వయసులో నా చేత కర్ర పట్టించి నిలబెడతావా? దిగరా!"

దెయ్యాలు ఇంత విసుక్కోవు. అతను దిగాడు. టక్కున దీపం వెలిగింది. తెల్ల చీర, చేతిలో కర్ర, ముక్కు మీద కళ్లద్దాలు — డెబ్భై దాటిన ముసలావిడ. వెనకాల ఆవిడ ఇంటి తలుపు పక్కన ఒక స్విచ్చు. దాన్నుంచి లిఫ్టు చట్రం దాకా సన్నని వైరు. మెకానిక్ కళ్లకి మిగతాది అర్థమైపోయింది: ఆ స్విచ్చు వేసి ఉంటే డాబాకి పోయే లిఫ్టు ఇక్కడ ఆగుతుంది.

"ఇది మీరే పెట్టించారా?"

"పాత మెకానిక్‌ని తిట్టి పెట్టించాను. మంచిగా అడిగితే వినలేదు."

"డాబా మీద పోయిన ఆ అబ్బాయి... మీ అబ్బాయా?"

"నాకేమీ కాడు. ఎదురింటివాడు. పోతూ వస్తూ నా చెత్తబుట్ట తన్నేవాడు, పోకిరి." ఆవిడ కుర్చీలో కూలబడింది. "ఆ రాత్రి ఇక్కడే నిలబడి ఉన్నాను. లిఫ్టు తలుపు అద్దంలోంచి కనిపించాడు, పైకి పోతూ. యాంటెన్నా బాగుచేసొస్తానని వాళ్ల అమ్మకి చెప్పాడట. చేతిలో ఏమీ లేదు. నేను చూశాను. లిఫ్టు ఆగితే అడిగేదాన్నే. ఆగలేదు."

"మరి అందరూ దెయ్యమనుకుంటున్నారు..."

"అనుకోనీ. ముసలిది చేస్తోందని తెలిస్తే రేపే పీకించేస్తాడు ఆ సెక్రటరీ. దెయ్యమైతే భయపడి ఊరుకుంటాడు." కళ్లద్దాల మీదుగా అతన్ని ఎగాదిగా చూసింది. "వచ్చేవాళ్లు చాలావరకు సిగరెట్లవాళ్లే. తిట్టి పంపిస్తాను. నీలాంటివాళ్లు నీకు ముందు ఇద్దరు."

"నాలాంటి వాళ్లంటే?"

ఆవిడ మెత్తబడలేదు. గొంతు తగ్గించలేదు.

"చచ్చిపోదామని వెళ్తున్నావా?"

ఆ మాట అంత సూటిగా పోయినేడు డాక్టరు ఒక్కరే అడిగారు. అతను తల ఊపాడు. ఊపాక తెలిసింది, అది నిజమని.

"ఎవరున్నారు నీకు?"

"అక్క."

"చెయ్యి ఫోను."

"ఈ టైములోనా? పాపం నిద్ర..."

"రేపు పొద్దున ఇంకెవరో ఫోను చేసి లేపడం కంటే నువ్వు లేపడం నయం కాదూ? చెయ్యి."

ఒక్క రింగుకే ఎత్తింది అక్క.

"అక్కా... మాత్రలు మానేశాను. మళ్లీ ఆ మాటలు వినబడుతున్నాయి. నన్ను ఒంటరిగా ఉంచకు."

అవతల తాళాల చప్పుడు.

"ఎక్కడున్నావో అక్కడే ఉండు. ఎవరైనా ఉన్నారా పక్కన? ఫోను వాళ్లకివ్వు."

ముసలావిడ ఫోను తీసుకుని, "ఆఁ... ఆఁ... నీ తమ్ముణ్ణి నేనెక్కడికీ పోనివ్వను. కానీ తొందరగా రా తల్లీ, నాకు మోకాళ్ల నొప్పులు. పొద్దున్నే వీణ్ణి డాక్టరు దగ్గర పడెయ్," అని తిరిగిచ్చేసింది. అక్క వచ్చేదాకా కూర్చోవడానికి ఇంకో కుర్చీ తెస్తానని, కర్ర అతని చేతికిచ్చి, గోడ పట్టుకుని లోపలికి వెళ్లింది.

"చూశావా," అంది తలలోని గొంతు, "అందర్నీ లేపేశావు."

పోలేదది. ఒక్క రాత్రిలో పోదని అతనికి తెలుసు. అనుకోనీ, అనుకున్నాడు ముసలావిడలాగే.

అడ్డు లేకపోయేసరికి లిఫ్టు తలుపు మూసుకుంది. దిగిపోయింది. కింద బోర్డు పెట్టలేదు కదా, ఎవరో పిలిచి ఉంటారు.

కాసేపటికి తాళ్లు మళ్లీ మూలిగాయి. తలుపు పైన అంకెలు వెలుగుతూ వస్తున్నాయి. ఒకటి. రెండు.

అక్క ఇల్లు ఊరికి ఆ చివర. ఎంత వేగంగా వచ్చినా, లెక్క వేస్తే అరగంట. ఫోను పెట్టి ఐదు నిమిషాలు కాలేదు. అక్క కాదు.

నాలుగు. ఐదు.

"అమ్మగారూ," అన్నాడు గొంతు తగ్గించి. "ఎవరో వస్తున్నారు... పైకి."

లోపల కుర్చీ ఈడుస్తున్న చప్పుడు ఆగలేదు.

"నా చేతులు ఖాళీ లేవు," అంది ముసలావిడ. "దీపం ఆర్పి నువ్వే అడుగు."

ఏడు.

అతను దీపం ఆర్పాడు. గుమ్మానికి కర్ర అడ్డం పెట్టి, గొంతు సవరించుకున్నాడు.