ఐదూ నలభై బస్సు

ఇటు రా చిన్నదానా, ఆ ఫోను పక్కన పెట్టి నా మంచం మీదకి జరుగు. వచ్చే వారం నుంచి నువ్వూ యూనివర్సిటీకి వెళ్తావు కదా. మీ అక్క అక్కడ ఎన్నికల్లో ఎలా నిలబడిందో, ఎలా బోల్తా పడిందో, పడినచోట దానికి ఏం దొరికిందో నీకు సరిగా తెలియదు. మీ నాన్న చెప్పేది సగం. మీ అక్క సిగ్గుపడుతూ చెప్పేది అందులో సగం. మొత్తం కథ నా దగ్గరే ఉంది.

అప్పుడు మన వైపు రావడానికి సాయంత్రం చివరి బస్సు ఐదూ నలభైకి. మీ అక్క ల్యాబ్ అయ్యేది ఐదున్నరకి. ల్యాబ్ ఆ కొసన, బస్‌స్టాప్ ఈ కొసన. పది నిమిషాల్లో అందుకోవాలంటే కాళ్ళకు చక్రాలుండాలి. అందుకని వారంలో రెండు ల్యాబ్ రోజులూ పావుగంట ముందే బ్యాగు సర్దుకుని జారుకునేది. ల్యాబ్ సార్ చూసి చూసి ఒకరోజు రిజిస్టర్ మూసి చెప్పేశాడు. "ఇంకో మూడుసార్లు ఇలా వెళ్ళావంటే పరీక్షకు కూర్చోనివ్వనమ్మా."

పరీక్ష పోతే ఏడాది పోయినట్టే. ఆ రోజు మాత్రం మీ అక్క చివరిదాకా ఉండి పరుగు తీసింది. వాన. ఎలాంటి వానంటే, మేఘానికి మీ అక్క మీదే ఏదో కోపమున్నట్టు కురిసింది. ఇది స్టాప్ చేరేసరికి బస్సు తలుపు మూసుకుంటోంది. సరిగ్గా అప్పుడు ఆ సందులోంచి ఒక నల్ల గొడుగు బయటికి పొడుచుకొచ్చింది. తలుపు గొడుగుని కరిచింది, కక్కింది, మళ్ళీ కరిచింది. ఈలోపు మీ అక్క లోపల పడింది.

గొడుగు పట్టుకున్నవాడు సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. విరిగిన ఊచని వేలితో సరిచేసుకుంటున్నాడు.

"నా గొడుగు పోయింది," అన్నాడు.

"పెట్టమని నేనన్నానా?"

"అనలేదు. కానీ మీ ముఖం అంది."

మీ అక్కకు ఒళ్ళు మండిందట. థాంక్స్ చెప్పాల్సిన చోట మండటమేమిటని నేనడిగితే, "నీకు తెలీదులే నానమ్మా, వాడు నవ్వాడు," అంది. నాకు తెలియకపోవడమేమిటి. అప్పుడే తెలిసింది.

కాసేపటికి ఆ అబ్బాయి బ్యాగులోంచి ఒక కాగితం తీశాడు. "ఒక సంతకం పెడతారా? రోజూ బస్సులో వచ్చిపోయేవాళ్ళవే కావాలి. ఈ బస్సు టైము మార్చడం కోసం."

బస్సు టైము అనగానే ఇది ఇంకేమీ చూడలేదు. తడిచేత్తో గీకేసింది. చదవలేదు. అది గుర్తుపెట్టుకో.

ఆ యూనివర్సిటీలో విద్యార్థుల యూనియన్‌కి ఒక కౌన్సిల్ ఉంది. హాస్టల్లో ఉండేవాళ్ళ తరఫున ఒకరు, పిల్లల్ని పెంచుకుంటూ చదివేవాళ్ళ తరఫున ఒకరు, వేరే దేశాలనుంచి వచ్చినవాళ్ళ తరఫున ఒకరు, అలా ఒక్కో వర్గానికి ఒక్కో కుర్చీ. మనలా రోజూ వచ్చిపోయేవాళ్ళకీ ఒకటుంది. అయితే ఆ కుర్చీలో ఏళ్ళ తరబడి ఎవరూ కూర్చోలేదు. ఎందుకంటావా? కౌన్సిల్ మీటింగ్ సాయంత్రం ఆరింటికి. చివరి బస్సు ఐదూ నలభైకి. కూర్చోవలసినవాళ్ళంతా అప్పటికి బస్సులో కూర్చుని ఉంటారు.

"ఆ కుర్చీ నాకు కావాలి నానమ్మా," అంది మీ అక్క. "నేను కూర్చుంటే బస్సు ఆరున్నరకి కదులుతుంది. లేకపోతే నా పరీక్ష గోవిందా." ఐదుగురితో సంతకాలు పెట్టించుకుని నామినేషన్ వేసింది.

మూడోరోజు ఎన్నికల మేడమ్ పిలిచారు. లా పాఠాలు చెప్పే మేడమ్, కళ్ళజోడుకు తాడు, నోటికి తాళం. గదిలోకి వెళ్తే అక్కడ గొడుగబ్బాయి ముందే కూర్చుని ఉన్నాడు.

మేడమ్ ఒక కాగితం తిప్పి చూపించారు. "ఈ అబ్బాయిని ప్రతిపాదించినవాళ్ళలో ఈ సంతకం నీదేనా?"

"నాదే మేడమ్. కానీ అప్పుడు చెయ్యి తడిగా ఉంది."

"తడిసినా నీదే. ఒకరిని ప్రతిపాదించినవాళ్ళు అదే కుర్చీకి పోటీ చెయ్యకూడదు. నీ సంతకం వెనక్కి తీసుకుంటే అతనికి నాలుగే మిగులుతాయి, కొత్తవి తెచ్చే గడువైపోయింది. అతను తప్పుకుంటే నువ్వుంటావు. నువ్వు తప్పుకుంటే అతనుంటాడు. రేపు నాలుగింటిలోపు తేల్చుకోండి."

వరండాలోకి రాగానే మొదలైంది.

"బస్సు కోసమని చెప్పి మోసం చేశావు."

"బస్సు కోసమే కదా నిలబడింది. పైన పెద్దక్షరాలతో నామినేషన్ అని ఉంది. చదవకపోతే నా తప్పా?"

"ఎవరైనా ఆయాసపడుతుంటే కాగితం పెడతారా?"

"ఎవరైనా చదవకుండా సంతకం పెడతారా?"

ఆ సాయంత్రం బస్సులో ఒకడు ముందు సీటు, ఒకతె వెనక సీటు. ఇంటికొచ్చాక నేను బట్టలు మడతపెడుతుంటే ఎదురుగా కూర్చుని ఒకే చొక్కాను నాలుగుసార్లు మడిచింది.

"వాడికి బస్సుతో ఏం పనట?" అన్నాను.

"వాళ్ళ నాన్నకు సైకిల్ షాపు. ఆయనకు నడుంనొప్పి, వంగలేడు. సాయంత్రం ఇతనెళ్ళి చక్రాలు బిగించాలి. ఆఖరి క్లాసు అయ్యేసరికి బస్సుండదు, అందుకే దాన్ని రోజూ ఎగ్గొడతాడు. ముందు సీటువాళ్ళకు చెబుతుంటే వినిపించింది."

"వెనక సీటు దాకా వినిపించిందా?"

"నువ్వెవరి పార్టీ నానమ్మా?"

నేను తలగడ గలీబు దులిపాను.

మర్నాడు పొద్దున్నే మీ అక్క ఏం చేసిందో తెలుసా? తను తప్పుకుంటున్నానని కాగితం రాసి మేడమ్ గది బయట పెట్టెలో వేసేసింది. చదవకుండా సంతకం పెట్టింది తనే, వాడి గొడుగు విరిగిందీ తనవల్లే, పైగా వాళ్ళ నాన్న నడుము. నాలుగింటికి జాబితా అంటించారు. వెళ్ళి చూస్తే రోజూ వచ్చిపోయేవాళ్ళ కుర్చీకి ఎదురుగా రాసి ఉంది: అభ్యర్థులు లేరు.

పక్కనే గొడుగబ్బాయి అదే కాగితం చూస్తూ నిలబడ్డాడు. మధ్యాహ్నం అతనూ వెళ్ళి మేడమ్ చేతికి తన విత్‌డ్రా కాగితం ఇచ్చొచ్చాడు.

"నీకేమైనా బుద్ధుందా?" అంది మీ అక్క. "నేను తప్పుకున్నాక నువ్వెందుకు తప్పుకున్నావు?"

"నువ్వు తప్పుకుంటావని నాకేం తెలుసు? నీ పరీక్ష పోతుందని మీ క్లాసువాళ్ళు చెప్పారు."

"నా పరీక్షతో నీకేంటి?"

"మా నాన్న నడుముతో నీకేంటి?"

అప్పుడు ఇద్దరూ ఒకేసారి అక్కడి బల్ల మీద కూలబడ్డారట. మళ్ళీ మొదలెట్టారు, ఈసారి నెమ్మదిగా. ఎంత నెమ్మదిగా అంటే, గోడమీద గడియారం ఆరు చూపించేదాకా ఇద్దరూ తల ఎత్తలేదు. బస్సు వెళ్ళిపోయింది.

గదికి తాళం వేసుకుని వస్తున్న మేడమ్ వాళ్ళను చూశారు. మనూరు దాటి పోవాలి ఆవిడ కూడా. చిన్న కారులో ఎక్కించుకున్నారు. అడుగడుగునా ట్రాఫిక్. గంటా నలభై నిమిషాలు. మనింటి ముందు ఆగి, దిగి, నడుం పట్టుకుని నాతో అన్న మొదటి మాట: "రోజూ ఇంత దూరమా అండీ?"

"రోజూ అమ్మా. మీరు కారులో వచ్చారు. అది సగం రోజులు నిలబడి వస్తుంది," అన్నాను.

టీ ఇచ్చాను. ఆవిడ కప్పు సగం చేశారు. తర్వాత నోటి తాళం తీశారు. "ఖాళీ కుర్చీకి రెండు వారాల్లో మళ్ళీ ఎన్నిక పెడతాం. ఒక కుర్చీకి ఇద్దరు కలిసి కూడా నిలబడొచ్చు. నిబంధనల్లో ఉంది, ఎవరూ వాడుకోలేదంతే."

గుమ్మం దగ్గర నిలబడిన గొడుగబ్బాయి మీ అక్కను చూశాడు. మీ అక్క గోడను చూసింది. నేను ఇద్దర్నీ చూశాను.

జంటగా నిలబడేవాళ్ళ ఫారం వేరే. అందులో ఒక గడి ఉంది: ఇద్దరి మధ్య సంబంధం. స్నేహితులు, ఒకే క్లాసు, అలా ఏదో రాయాలి. గొడుగబ్బాయి పెన్ను పట్టుకుని చాలాసేపు ఆలోచించి దాని చేతికిచ్చాడు. మీ అక్క రాసింది: ఒకే బస్సు.

ఈసారి పైనుంచి కిందదాకా చదివి సంతకం పెట్టిందిలే.

ఓట్లు బస్సులోనే అడిగారు. ల్యాబ్ రోజుల్లో మీ అక్క చివరిదాకా ఉండేది, వాడు తలుపులో గొడుగు పెట్టేవాడు. "బాబూ, నీ గొడుగు పోతుందో నా తలుపు పోతుందో తేల్చు," అనేవాడట కండక్టర్. చివరికి కండక్టరే అందర్నీ అడగడం మొదలెట్టాడు, ఓటేశారా అని. గెలిచారు. ముందు మీటింగును మధ్యాహ్నం ఒంటిగంటకు మార్పించారు. తర్వాత నాలుగు మీటింగులు పోట్లాడితే బస్సు ఆరున్నరకి కదిలింది. మీ అక్క పరీక్ష రాసింది. వాడు ఆఖరి క్లాసు విన్నాడు, షాపు సంగతి వాళ్ళ నాన్న ఓ గంట సర్దుకున్నాడు.

మొదటి ఆరున్నర బస్సు ఎక్కినరోజు వాడు ఆ గొడుగుని చూసుకుని, "ఇక దీనికి పని లేదు," అన్నాడట.

"ఎందుకు లేదు? నేను ఆరున్నరకి కూడా లేటుగానే వస్తాను," అంది మీ అక్క. "నువ్వు తలుపు దగ్గరే ఉండాలి."

"ఎన్నాళ్ళు?"

మీ అక్క కిటికీలోంచి బయటికి చూసింది. ఆ జవాబు ఏడాది తర్వాత వచ్చింది. మళ్ళీ ఎన్నికలు, మళ్ళీ అదే ఫారం. ఒక ఆదివారం వాడు, వాళ్ళ నాన్న కలిసి మనింటికి వచ్చారు. ఆయన నడుం పట్టుకుని మీ నాన్న పక్కన కూర్చున్నాడు. వాడు ఫారం తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"నాకెందుకు బాబూ? నేను చదివింది ఐదో తరగతి."

"మీరే చదవాలి బామ్మగారూ."

కూడబలుక్కుని చదివాను. సంబంధం అన్న గడిలో మీ అక్క చేతిరాత: ఒకే బస్సు. దాని కింద వాడి చేతిరాత: చదువులయ్యాక ఒకే ఇల్లు, ఇంట్లో పెద్దలు ఒప్పుకుంటే.

మీ నాన్న వైపు చూశాను. తల ఊపాడు. మీ అక్క తలుపు వెనక ఉంది, పాదాలు మాత్రం కనిపిస్తున్నాయి. పెన్ను అడిగి, ఆ కింద నా పేరు అక్షరం అక్షరం పేర్చి సంతకం పెట్టాను.

బయటివాళ్ళు సంతకం పెట్టిన ఫారం చెల్లదని మేడమ్ వాళ్ళచేత కొత్తది రాయించారు. చెల్లనిది నా పెట్టెలో, చీరల అడుగున ఉంది. రేపు తీసి చూపిస్తాను.

నువ్వు రోజూ ఇంటికి తిరిగి రాబోయే బస్సు కూడా ఆ ఆరున్నరదే తల్లీ. అందులో ఎవరైనా ఇది మొదటినుంచీ ఇలాగే ఉందనుకుంటే, ఈ కథ చెప్పు. నేను చెప్పినట్టే చెప్పు. ఏది మరిచిపోయినా ఫరవాలేదు, గొడుగు మాత్రం మరిచిపోకు.