అమ్మ తిన్నదట

“మీ అమ్మ ఏమన్న తిన్నదా బిడ్డా?”

రోజూ పొద్దున ఏడింటికి ఇదే ప్రశ్న. నరసింహ ముఖం కడుక్కుని వంటింటి బల్ల ముందు కూర్చునేవాడు. జవాబు వచ్చేదాకా టీ కప్పు కూడా ముట్టేవాడు కాదు.

“తిన్నదట బాపూ. ఇప్పుడే నర్సుతోని మాట్లాడిన. రెండు టోస్టులు తిని టీ తాగిందట.” ధరణి స్టవ్ వైపు తిరిగే చెప్పింది.

“టోస్టులా! దానికి ఆ ఎండు రొట్టెలు గొంతు ఎట్ల దిగుతున్నయో!” అని నవ్వి, ఆయన ఉప్మా పళ్లెం దగ్గరికి లాక్కున్నాడు.

బెల్లంపల్లి బొగ్గుబాయిలో ముప్పై రెండేళ్లు పనిచేశాడు నరసింహ. ఆయన ఏ షిఫ్టుకు దిగినా సరే, పైకొచ్చి ఇల్లు చేరేదాకా చంద్రకళ మెతుకు ముట్టేది కాదు. ఇప్పుడు ఆ వంతు ఆయనకొచ్చింది. ఫిబ్రవరిలో కూతురింటికని ఇద్దరూ ఐర్లండ్ వచ్చి లాక్‌డౌన్‌లో ఇరుక్కుపోయారు. ఏప్రిల్‌లో జ్వరం ముదిరి ఆమెను అంబులెన్సులో కిల్కెన్నీ ఆసుపత్రికి తీసుకుపోయారు. చూడటానికి ఎవరినీ రానివ్వలేదు. ఆ రోజు నుంచి ఆమె తిన్నదని చెవినపడితేగానీ ఈయన తినడు.

చంద్రకళ సోమవారం తెల్లవారుజామునే పోయింది. ఇవాళ గురువారం.

ధరణి మాత్రం ఏం చేస్తుంది? ఆయన ఊపిరితిత్తుల నిండా బొగ్గుదుమ్మే, తిండి మానితే మనిషి దక్కడని డాక్టరు ముందే చెప్పాడు. ఫోను పాడైందని చెప్పి ఆయన ఫోను దాచేసింది. మధ్యాహ్నం దహనం అయ్యాక మెల్లగా చెబుదామనుకుంది. కన్నతల్లి పోయిన పిల్ల, షవరు తిప్పి ఆ చప్పుడులో ఏడవాల్సి వచ్చింది పాపం.

వాళ్లుండే కాసిల్‌కోమర్ కూడా ఒకప్పటి బొగ్గు ఊరే. పక్కింటి టామ్ బ్రెనన్ చిన్నప్పుడే బాయిలోకి దిగినవాడు. ఇక్కడి గనులు మూతపడి యాభై ఏళ్లయినా ఆయన దగ్గు మాత్రం మూతపడలేదు. ఒకరి భాష ఒకరికి రాదు. రోజూ పొదల కంచెకు ఇటొకరు అటొకరు నిలబడి దగ్గుకుని, నవ్వుకుని, లోపలికి పోయేవారు.

ఉప్మా తిని నరసింహ వాకిట్లోకి వెళ్లాడు. గేటు అవతల టామ్ నల్ల కోటు వేసుకుని ఉన్నాడు. ఎప్పటిలా “గ్రాండ్ డే!” అని కేకేయలేదు. టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు.

“సారీ ఫర్ యువర్ ట్రబుల్, నరసింహా.”

చావింట్లో పరామర్శకు ఇక్కడివాళ్లు అనే ఆ మాటలు నరసింహకు అర్థం కాలేదు. టోపీ అర్థమైంది. బాయిలోంచి శవం పైకొచ్చినప్పుడు కార్మికులంతా టోపీలు తీసి అలాగే నిలబడేవారు. ఆయనే ఎన్నిసార్లు నిలబడ్డాడో!

ఇక్కడ ఎవరు పోయినా ఆ సంగతి పొద్దున్నే ఊరి రేడియోలో చదువుతారు. అంత్యక్రియల ఏర్పాట్లు చూసే కంపెనీవాళ్లే వివరాలు పంపిస్తారు. ధరణికి ఆ ఆనవాయితీ తెలియదు. ఊరంతటికీ తెలిసిన కబురు ఆ ఒక్క మనిషికే తెలియకుండా ఉంది.

నరసింహ లోపలికొచ్చాడు. “మీ అమ్మ ఎప్పుడు పోయింది?”

ధరణి చేతిలోని గరిట జారిపోయింది. “బాపూ, అదీ...”

“ఎప్పుడు?”

“సోమవారం... తెల్లారంగ.”

“సోమవారమా? ఆ పొద్దున నాకు దోశలు పోసినవ్ గదా! అది అక్కడ పోయి పడుంటే నేనిక్కడ చట్నీ బాగుందని అడిగి ఏయించుకున్ననే!”

“చెప్తే నువ్వు తినవని బాపూ! నువ్వు గూడ పోతే నేనేంగావాలె?”

“ముప్పై రెండేండ్లు అది నాకోసం కడుపు మాడ్చుకున్నది. దానికోసం నేను ఒక్క పూటన్న పస్తులుండకుండ జేసినవ్ గదనే!”

ధరణి అక్కడే నేల మీద కూలబడింది. “తప్పయింది బాపూ,” అంటూ ఆయన కాళ్లు పట్టుకుంది. ఆయన కాళ్లు వెనక్కి తీసుకున్నాడు.

ఆమె భర్త శ్రీహర్ష గుమ్మంలోనే నిలబడిపోయాడు. కాసేపటికి, “మామా, అంత్యక్రియల కంపెనీకి ఫోన్ చేసి చెప్పిన. అత్తమ్మ బండిని మన ఇంటి ముందల ఆపుతమన్నరు,” అన్నాడు.

పదింటికి శవపేటికతో నల్ల కారు వచ్చింది. వీధికి రెండువైపులా జనం ఎడం ఎడంగా నిలబడి ఉన్నారు. ఆమె పేరు కూడా సరిగ్గా పలకలేనివాళ్లు! టామ్‌తో పాటు ఇంకో ముగ్గురు ముసలి కార్మికులు టోపీలు తీశారు. నరసింహ కూడా మంకీక్యాప్ తీసి, కారు అద్దం మీద చెయ్యి పెట్టాడు.

“నాకు తెల్వదే చంద్రీ. తెలిస్తే ముద్ద ముట్టేటోన్నా?”

అంతా అయ్యి ఇంటికొచ్చేసరికి సాయంత్రమైంది. ధరణి గోడకు చేరగిలబడి కూర్చుంది. పెదవులు ఎండిపోయాయి, ముఖం పీక్కుపోయింది. నరసింహ ఆమెను అప్పుడే సరిగ్గా చూశాడు.

“హర్షా, ఇది తిన్నదా?”

“సోమవారం నుంచి ఉత్త చాయే మామా. ఎంత చెప్పినా వినలే.”

నరసింహ వంటింట్లోకి వెళ్లి ఇంత అన్నంలో పెరుగు కలుపుకొచ్చి కూతురి ముందు కూర్చున్నాడు.

“వద్దు బాపూ. నాకు దిగదు.”

ఆయన ముద్ద పట్టుకున్న చెయ్యి దించలేదు. కళ్ల నీళ్లు గడ్డం మీదికి కారుతున్నాయి.

“తిను బిడ్డా. ఇప్పుడే మాట్లాడిన. మీ అమ్మ తిన్నదట.”

ధరణి బావురుమంది. ఏడుస్తూనే నోరు తెరిచింది.