ఎలమంచిలిలో పెట్టిన కొరివి

సత్తియ్య పెద్దకర్మ అయిన మర్నాడు పొద్దున్నే నానాజీ బెల్లం దిమ్మలు ఆటోలోకి ఎక్కిస్తున్నాడు. అనకాపల్లి మార్కెట్‌కి పంపాలి. అరుగు మీద కూర్చున్న చిన్నాన్న చంద్రమౌళి ఆపాడు.

"ఉండ్రా. ఆ బెల్లం ఎవరిదో ముందు తేలనీ."

నానాజీ సత్తియ్యకు దత్తపుత్రుడు. సత్తియ్య భార్య చిన్నమ్మలుకి ఎలమంచిలిలో ఉండే అక్క కొడుకు. పిల్లలు లేరని పసివాడిగా ఉన్నప్పుడే తెచ్చుకున్నారు. తర్వాత ఇందు పుట్టింది. సత్తియ్య పోతూ చెరకు పొలం, ఇల్లు మిగిల్చాడు.

మాటలు విని చిన్నమ్మలు, ఇందు బయటికి వచ్చారు.

"వదినా, మూడేళ్ల కితం ఎలమంచిల్లో ఈడి కన్నోడు పోతే ఈడెల్లి కొరివెట్టేడా లేదా? అక్కడ కొరివెట్టినోడు అక్కడి కొడుకే. ఇక్కడ ఆస్తి మన ఇందుది," అన్నాడు చంద్రమౌళి.

"నన్నడక్కుండానే పంచీసేవా, సిన్నాన్నా?" అంది ఇందు. "ప్లీడర్నడిగేను. దత్తత ఒకసారైతే ఎనక్కి పోదంట. అన్నయ్యకీ నాకూ సమానమే. అక్కడ కొరివెట్టినందుకు అక్కడ సెంటు రాదు, ఇక్కడిది పోదు."

"మా అన్న మనసు ప్లీడరుకేటి తెలుసు? ఈడు సెప్పకుండా ఎల్లిపోయేడు. మా అన్న అది మనసులో ఎట్టుకునే పోయేడు."

నానాజీ చేతిలో దిమ్మ కింద పెట్టాడు. మూడేళ్లుగా తనకు తాను చెప్పుకుంటున్న మాటే అది. ఆ రోజు నాన్నకి చెప్పే ధైర్యం లేక, మార్కెట్‌కని చెప్పి ఎలమంచిలి బస్సెక్కాడు. తిరిగొచ్చాక నాన్న ఏమీ అడగలేదు.

"సిన్నాన్న అన్నది నిజమేనమ్మా. నాకేటీ వద్దు. పొలం ఇందు పేరునే రాసీ."

"నోర్ముయ్," అంది చిన్నమ్మలు. "ఆ రోజు నువ్వెల్లేసరికి ఎంతయ్యిందిరా?"

"పొద్దుగూకబోతంది. బస్సు దార్లో ఆగిపోయింది."

"తెల్లారగట్ల పోయినోణ్ణి సందేళదాకా ఎందుకుంచేరు?"

నానాజీ తలెత్తి అమ్మ వైపు చూశాడు.

"మీ నాన్న ఆళ్లకి ఫోన్ సేసేడ్రా. నువ్వా బస్సెక్కడం రోడ్డు మీద సూసేడు. 'మావోడు బయల్దేరేడు, ఆడొచ్చేదాకా ఎత్తకండి' అన్నాడు."

"మరి నాకెందుకు సెప్పలేదు?"

"నానూ అదే అడిగేను. 'నాను ఎల్లమంటే నా మాట కోసం ఎల్తాడే. కన్నోడి దగ్గరికి ఆడంతట ఆడే ఎల్లాల' అన్నాడు. తర్వాత నువ్వే సెప్తావని సూసేడు. నువ్వు సెప్పలేదు, ఆయనడగలేదు. ఒకరికి మించినోడు ఒకరు."

నానాజీ నేల మీద కూలబడ్డాడు. సత్తియ్య చితి దగ్గర కూడా ఏడవని మనిషి, ఇప్పుడు బావురుమన్నాడు.

చంద్రమౌళి అరుగు దిగాడు.

"'మావోడు' అన్నాడా, వదినా?"

"అన్నాడు. నా ఎదురుగానే."

అతను కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "అయితే మావోడే," అన్నాడు.

ఇందు అన్నయ్య పక్కన చతికిలబడింది.

"పొలం నాకిచ్చీసి తప్పించుకుందామనుకున్నావేటి? సెరుక్కి నీళ్లు నాను ఎట్టాలా?"

నానాజీ కళ్లు తుడుచుకోకుండానే నవ్వాడు.

"నువ్వు నీళ్లెడితే సెరుకు బతకదే," అన్నాడు.