ఎబినేజరు చక్రాలకు టోపీలు

బస్సు ఎక్కిన మొదటిరోజే కిరణ్ పాల్ నోరు జారాడు.

వాన పడుతోంది. కొత్తగా లేచిన అద్దాల టవర్‌లో ఉద్యోగం, తెనాలి నుంచి తెచ్చుకున్న ఇస్త్రీ చొక్కా, మెడలో ఐడీ కార్డు. ఇంత హంగు చేసుకుని బోరబండ స్టేషను దగ్గర నిలబడ్డ మనిషి ముందుకు స్టాఫ్ బస్సు దగ్గుతూ వచ్చి ఆగింది. ముందు అద్దం పైన 'ఎబినేజరు' అని బైబిల్ పేరు, నీలం అక్షరాల్లో. తలుపు పడాలంటే లోపలివాళ్లలో ఎవరో ఒకరు లాగి పట్టుకోవాలి.

"ఈ బస్సు మా తాతగారి పెళ్లికి కూడా వెళ్లి ఉంటుందండి," అన్నాడు ముందు సీట్లో ఉన్న అమ్మాయితో, నవ్విద్దామని.

ఆమె నవ్వలేదు. "పోయిందో లేదో మా డాడీని అడిగి చెప్తా. బస్సు ఆయనదే."

స్టీరింగ్ దగ్గరున్న పెద్దాయన అద్దంలోంచి చూసి, "కూసో బాబూ. నిలబడితే గుంతల కాడ తల తగుల్తది," అన్నాడు. కిరణ్ కూర్చున్నాడు. గుంత వచ్చింది. కూర్చున్నా తల తగిలింది. అప్పుడు నవ్వింది ఆ అమ్మాయి.

పేరు ప్రిస్కిల్లా. అదే టవర్‌లో, అదే కంపెనీలో, అతని ఖర్మ కొద్దీ టెస్టింగ్ టీమ్‌లో పని. అది తొంభై తొమ్మిదో సంవత్సరం. రెండువేలు రాగానే కంప్యూటర్లన్నీ తికమకపడి కూర్చుంటాయని లోకమంతా పరేషాన్‌గా ఉన్న రోజులు. పాత ప్రోగ్రాముల్లో తేదీలు సరిచెయ్యడం కిరణ్ పని. అతను సరిచేశాననుకున్నవి సరికాలేదని తేల్చడం ఆమె పని.

"మీ ప్రోగ్రాం ఫిబ్రవరి ఇరవై తొమ్మిది కాడ పడిపోయింది."

"అదెలాగండి? జనవరి ఒకటి చూశాను కదా, బ్రహ్మాండంగా నడిచింది."

"ఒక్క తేదీ చూసి అన్నీ ఓకే అంటరా? రెండువేలల్ల ఆ తేదీ ఉంటది సార్. మీరు తీసేసిండ్రు."

ఇలా రోజూ ఆమె చేతికి తప్పులతో పట్టుబడుతూ పట్టుబడుతూ అతను ప్రేమలో పడ్డాడు. ఒక దశలో, ఆమె తన డెస్కు దాకా వస్తుందని చిన్న చిన్న తప్పులు వదిలెయ్యడం మొదలుపెట్టాడు. పెద్ద తప్పులు ఎలాగూ అతని ప్రయత్నం లేకుండానే దొరికేవి.

వానలు వెనకబట్టాక ఒక మధ్యాహ్నం క్యాంటీన్లో ధైర్యం చేసి అడిగేశాడు. ప్రిస్కిల్లా టీ కప్పులోకి చూసి, తర్వాత అతన్ని చూసి, "నాకు ఇష్టమే," అంది. అతను పొంగిపోయేలోగా, "కానీ టైం బాగలేదు," అని కలిపింది.

"ఏమైందండి?"

"అమ్మా డాడీ ఇద్దరూ ఒక మాట మీద ఉంటే తప్ప మా ఇంట్ల ఏ పనీ కాదు. ఈస్టర్ అయినప్పటిసంది ఇద్దరికీ మాటల్లేవు."

"అయ్యో. అంత గొడవ ఎందుకొచ్చింది?"

"బస్సు చక్రాల నట్ల మీద."

టవర్ ముందు ఆగే మినీబస్సులన్నీ కొత్తవి. వాటి చక్రాల నట్ల మీద తళతళలాడే క్యాప్‌లుంటాయి. ఎబినేజరు నట్లు మాత్రం తుప్పుపట్టి బోసిగా ఉంటాయి. టోపీలు తొడగాలని ఇంట్లో ఇద్దరూ ఒప్పుకున్నారు. ఏ టోపీలన్న దగ్గరే వచ్చింది పేచీ. తండ్రి దానియేలుకు మొనదేలినవి కావాలి, పక్కన రాసుకుపోయే బండ్లవాళ్లు చూసి దూరం జరగాలని. తల్లి దీనమ్మకు గుండ్రటివి కావాలి. ఆవిడ దవాఖానలో నర్సు. మొనలకు తట్టుకుని చిరిగే చీరలు, గీరుకుపోయే మోకాళ్లు ఆవిడకు ముందే కళ్లకు కట్టాయి.

"రాజీ చేద్దామండి," అన్నాడు కిరణ్.

"జర ఆలోచించి చెయ్యండి. మా మేనత్త ఒక ల్యాబ్ టెక్నీషియన్ సంబంధమని ఫోటో తెచ్చి బైబిల్ పక్కన పెట్టింది. వీళ్లిద్దరూ కలిసి కూసుని చూడలేదు కాబట్టి ఆగింది. రాజీ అయినంక ముందు మీ మాట వస్తదో, ఆయన ఫోటో ముందట పెడ్తరో నాకు తెల్వదు."

అంటే ఆ పోట్లాట ఆగకపోతే పెళ్లి లేదు. ఆగితే పెళ్లి ఉంటుంది గానీ ఎవరితోనో తెలీదు. కిరణ్ ఆ రాత్రి సరిగా నిద్రపోలేదు. ప్రిస్కిల్లా లేని జీవితం అతనికి ఊహకే అందలేదు. బాగా చదువుకున్న మనిషి కనుక, పొద్దున లేచేసరికి బాగా తెలివితక్కువ ఉపాయం ఒకటి సిద్ధం చేసుకున్నాడు.

సోమవారం బస్సు దిగుతూ, "మొనదేలినవే కరెక్టు అంకుల్. ఠీవిగా ఉంటాయి," అన్నాడు. దానియేలు మొహం వెలిగిపోయింది.

ఆదివారం బోరబండలో వాళ్లు వెళ్లే రేకుల కప్పు చర్చికి వెళ్లి, ఆరాధన అయ్యాక, "గుండ్రటివే మంచివి ఆంటీ. క్షేమం ముఖ్యం," అన్నాడు. దీనమ్మ అతని ప్లేటులో ఇంకో ముక్క కేకు పెట్టింది.

అతని లెక్కకు అందని సంగతి ఏమిటంటే, మాటల్లేని మొగుడూ పెళ్లాలు కూడా ఒకే ఇంట్లో ఉంటారు. మర్నాడు దానియేలు బస్సు ఆపి అందరూ వినేలా ప్రకటించాడు. "కిరణ్ బాబూ, క్యాప్‌లు నువ్వే తే. సదువుకున్నోనివి. దీనమ్మ గూడ నువ్వేది తెస్తే గదే అని బిడ్డతోని చెప్పిచ్చింది."

బస్సంతా చప్పట్లు కొట్టారు. ప్రిస్కిల్లా కొట్టలేదు.

"ఇద్దరికీ మాటిచ్చిండ్రు కదా," అంది దిగాక. "ఇగ ఎట్ల?"

"మీ నాన్నగారినే గెలుచుకోవాలండి. పిల్లనిచ్చేది ఆయన కదా."

"పెంచింది మా అమ్మ," అని విసవిస నడిచి లిఫ్టులోకి వెళ్లిపోయింది.

శుక్రవారం సాయంత్రం టవర్ కింద కిరణ్ ప్లాస్టిక్ స్కేలు పట్టుకుని చక్రం ముందు గొంతుక్కూర్చున్నాడు. మధ్యాహ్నం వాన కొట్టిపోయింది. బస్సుకు ఎడమ పక్కంతా బురద. కుడి పక్క పొడిగా ఉంది. అతని బూట్లు కొత్తవి. కుడి ముందు చక్రానికి ఒక నట్టు కొలిచి, అంకె గుర్తుపెట్టుకుని, స్కేలు జేబులో వేసుకుని లేచాడు. మెట్ల మీద మడిచిన గొడుగు పట్టుకుని ప్రిస్కిల్లా ఇదంతా చూస్తూ ఉంది.

శనివారం ఇద్దరూ బాలానగర్ వెళ్లారు. అలిగినా వచ్చింది, అదే పదివేలనుకున్నాడు. స్పేర్ పార్టుల షాపు లింగమూర్తి గల్లా మీద గుడ్డ పరిచి రెండు రకాలూ పెట్టాడు. ఒకటి టీ కప్పు బోర్లించినట్టుంది. ఇంకోటి వేలెడు పొడవున మొనదేలి, నికెల్ పూతతో మెరుస్తోంది.

"ఏ సైజు?" అన్నాడు లింగమూర్తి. కిరణ్ చెప్పాడు.

"అన్నీ అదే సైజా?" అంది ప్రిస్కిల్లా.

"బస్సు ఒకటే కదండీ."

అతను మొనదేలినవి కట్టించుకుని ఆటో పిలవడానికి బయటికి వెళ్లాడు. ఆమె కాసేపు లోపలే ఉండిపోయింది. ఇంకా కోపం తగ్గలేదు కాబోలనుకుని, దారి పొడుగునా వాతావరణం గురించి మాట్లాడాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి పక్క ఖాళీ జాగాలో ఎబినేజరు చుట్టూ సంఘమంతా చేరింది. కిరణ్ మూట విప్పాడు. మొనలు ఎండకు మెరిశాయి. దానియేలు ఛాతీ ఉప్పొంగింది. దీనమ్మ ఆ మొనలకేసి చూస్తూ కొంగు దగ్గరికి లాక్కుంది.

కుడి పక్క ముందు చక్రానికి, వెనక చక్రానికి క్యాప్‌లు ముద్దుగా కూర్చున్నాయి. అరచేత్తో ఒక దెబ్బ వేస్తే చాలు, పట్టేసుకుంటున్నాయి. కిరణ్ చెమట తుడుచుకుని ఎడమ పక్కకు వచ్చాడు. తట్టాడు. ఎక్కలేదు. గట్టిగా కొట్టాడు. చెయ్యి నొప్పి పుట్టింది గానీ నట్టు లావుగా ఉంది, క్యాప్ సన్నగా ఉంది.

"ఎడమ దిక్కు చక్రాలు వేరే బండియి బాబూ," అన్నాడు దానియేలు తాపీగా. "వేలంల కొన్ననాడు అటు దిక్కు ఒక్కటి గూడ సక్కగ లేకుండె. మిలిటరీ లారీవి తెచ్చి ఎక్కిచ్చిన."

"మరి చెప్పలేదేంటి అంకుల్?"

"నువ్వు కొలుస్తుంటివి గద. అన్నీ కొలిచినవనుకున్న."

దీనమ్మ ముందుకు వచ్చింది. "అది గాదు బాబూ. గుండ్రటివే మంచివని నాతోని అన్నవు గద?"

"నీతోనా? మొనదేలినవే కరెక్టని నాతోని అన్నడు," అన్నాడు దానియేలు.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని, తర్వాత కలిసి అతని వైపు తిరిగారు. ఈస్టర్ తర్వాత ఇద్దరూ ఎదురెదురుగా ఒక మాట మీదికి రావడం అదే మొదలు. ఆ మాటేమిటో వాళ్ల మొహాల్లో కిరణ్‌కు స్పష్టంగా కనిపించింది. బైబిల్ పక్కనున్న ఫోటో అతని కళ్లముందు మెదిలింది. ఉన్నదున్నట్టు ఒప్పేసుకుందామని నోరు తెరిచాడు.

"జరుగుండ్రి," అంటూ ప్రిస్కిల్లా బస్సులోంచి దిగింది. చేతిలో బరువైన గుడ్డసంచి. "కిరణ్ గారు నిన్ననే ఇచ్చి సీటు కింద దాయమన్నరు. డోరు దిక్కు పిల్లలు, ఆడోళ్లు ఎక్కుతరు, అటు అమ్మ చెప్పినవి. ట్రాఫిక్ దిక్కు డాడీ చెప్పినవి. ఇద్దరికీ ఒక్కసారే చూపిద్దామని ఆగిండ్రు."

సంచిలో గుండ్రటివి. పెద్ద సైజువి. కిరణ్ తెరిచిన నోరు అలాగే ఉంది. ఆమె అతని కొత్త బూటు మీద కాలేసి తొక్కింది. మూశాడు.

గుండ్రటివి ఎడమ పక్క కుదురుగా కూర్చున్నాయి. దీనమ్మ ఒక్కో దాన్నీ అరచేత్తో నిమిరి, చీర కొంగు దాని మీదుగా లాగి చూసింది. కొంగు ఎక్కడా చిక్కుకోలేదు. దానియేలు అటువైపు నిలబడి మురిసిపోతున్నాడు. తన వైపు క్యాప్‌లే అసలువని, రెండోవైపువి ఎదుటివాళ్ల మనసు కష్టపెట్టకుండా తెచ్చినవని ఇద్దరికీ గట్టి నమ్మకం. బస్సుకు రెండు పక్కలూ ఒకేసారి చూడగలిగే మనిషి ఎవరూ లేరు కనుక ఆ నమ్మకానికి ఢోకా లేదు.

సంఘం కేకు దగ్గరికి కదిలింది. కిరణ్ ప్రిస్కిల్లాను బస్సు వెనక్కి పిలిచాడు.

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"మీరు ఒక్క నట్టు కొలిచి స్కేలు జేబుల పెట్టుకున్ననాడు. మీరు పోయినంక నేను బురదల దిగి అన్నీ కొలిచిన. చెప్పులు పాడైనయి."

"మరి షాపులో చెప్పొచ్చు కదండీ."

"చెప్తే మీరే రెండు రకాలు తెచ్చెటోళ్లు. మీ తెలివికి మా ఇంట్ల అందరూ మురిసెటోళ్లు. నాకు మాత్రం మీకు చేసిన తప్పు ఒప్పుకునుడు వస్తదో లేదో తెల్వకపోతుండె." ఆమె గొంతు మెత్తబడింది. "ఇందాక ఒప్పుకుందామని నోరు తెరిచిండ్రు కదా?"

"తెరిచాను."

"అది చాలు. ఈ ఒక్క తప్పు నేను రిపోర్టుల రాయను."

"నువ్వు లేకపోతే నాకు ఒక్కరోజు కూడా గడవదు ప్రిస్కిల్లా," అన్నాడు. అండీ పడిపోయిందని అతనికి తర్వాత గానీ తెలియలేదు. ఆమెకు వెంటనే తెలిసింది. తల వంచుకుని, ఏ తప్పూ పట్టకుండా నిలబడింది.

అప్పుడే బస్సు ఇటు పక్కనుంచి దీనమ్మ, అటు పక్కనుంచి దానియేలు వచ్చారు. ఎంతసేపు విన్నారో గానీ, ఇద్దరూ నవ్వుతున్నారు.

"ఫోటో మీ చెల్లెకు తిరిగి ఇచ్చేద్దామయ్యా," అంది దీనమ్మ.

"ఇద్దాం. పెళ్లి క్రిస్మస్ లోపలనే చేద్దాం," అన్నాడు దానియేలు. "రెండువేలు రాంగనే కంప్యూటర్లన్నీ ఆగిపోతయంట. పిలగానికి నౌకరుండంగనే కానిద్దాం."

"గందుకే ఈస్టర్ అయినంక చేద్దామంటున్న. నౌకరుంటదో ఊడుతదో చూసి."

"ముందే."

"తర్వాతనే."

ఇద్దరూ కలిసి అతని వైపు తిరిగారు. "బాబూ, నువ్వే చెప్పు."

క్రిస్మసే కరెక్టు అంకుల్, అన్న మాట అతని నాలుక చివరిదాకా వచ్చింది. ఈస్టరే మంచిది ఆంటీ, అన్నది దాని వెనకే వచ్చింది. రెండూ మింగేసి ప్రిస్కిల్లా వైపు చూశాడు.

"ఫిబ్రవరి ఇరవై తొమ్మిది," అంది ఆమె. "క్రిస్మస్ అయిపోతది, ఈస్టర్ రాదు. కంప్యూటర్లు నడుస్తున్నయో లేదో గూడ తెలుస్తది."

దానియేలు వేళ్లు మడుస్తూ ఆలోచించాడు. "ఆ ఏడు ఆ తేదీ ఉంటదా బిడ్డా?"

"ఉంటుంది అంకుల్," అన్నాడు కిరణ్ పాల్. ఎవరికీ అనుమానం రానంత గట్టిగా అన్నాడు. "ఆ ఒక్క తేదీ గురించి నాకు బాగా తెలుసు."